విజిల్ వేసిందెవరు?

ఆ నాటకశాలలో ఇల్లు కట్టేది అక్క, కూల్చేది తమ్ముడు. ఇల్లంటే నిజం ఇల్లు కాదులెండి, రంగస్థలం మీద వేసే సెట్టు. రాజుగారి మేడైనా, రైల్వే ప్లాట్‌ఫారమైనా ముందు అక్క ముఠా చెక్క కోసి, మేకు కొట్టి నిలబెట్టాలి. ఆటలు అయిపోయాక తమ్ముడి ముఠా దిగి, మేకులు పీకి, చెక్కలు విడదీసి గోదాములో సైజు ప్రకారం పేర్చాలి. ఆ చెక్కలతోనే అక్క మళ్ళీ ఇంకోటి కడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. నిన్నటి సింహాసనం ఇవాళ వంటింటి అలమర, రేపు పడవ.

అక్కను అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. డైరెక్టరుగారు ఆవిడకన్నా నాలుగేళ్ళు పెద్ద, ఆయనా పెద్దక్కే అంటాడు. తమ్ముడికి గునపం అని పేరు. కన్నవాళ్ళు పెట్టిన పేరేదో ఉంది గానీ, అది హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. నూటపది కిలోల మనిషి, మాట మాత్రం వెన్న. మేకు పీకితే వంగకుండా రావాలి, చెక్క విడదీస్తే అంచు చిట్లకూడదు. అలా చేతకానివాడు తన ముఠాలో ఉండనక్కర్లేదంటాడు.

ఆ ముఠాకు చట్టం ఒక్కటే. అక్క విజిల్ వేస్తే తప్ప సుత్తి ఎత్తకూడదు. ఆ విజిల్‌కు ఒక వరస కూడా ఉంది, అది ఊరికే రాలేదు. వాళ్ళు పనిలో చేరిన రెండో ఏడు, పోలీసు వేషం కట్టే నటుడొకాయన మధ్యాహ్నంపూట తెర పక్కన నిలబడి, తన విజిల్ మోగుతుందో లేదో చూసుకుందామని గట్టిగా ఊదాడు. అక్క ముఠాలో ఒకడు అది విని, అక్కే వేసిందనుకుని, పరుగెత్తుకెళ్ళి కూల్చేవాళ్ళకు కబురు చెప్పాడు. కట్టిన ముఠావాడే వచ్చి కూల్చమంటే ఇక అనుమానమేముంటుంది? ఆట మొదలవడానికి రెండు గంటల ముందు రాజమహలంతా చెక్కల గుట్టయి కూర్చుంది. పోలీసాయన వచ్చి చూస్తే మహలూ లేదు, అరెస్టు చేయడానికి రాజూ లేడు. రాజు పాత్రధారి ఇంటికెళ్ళి పడుకున్నాడు పాపం. ఆ రోజునుంచి పెద్దక్క తన విజిల్‌కు ఒక వరస పెట్టుకుంది. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

రెండో చట్టం పెద్దక్క తనకు తాను పెట్టుకున్నది. ఎప్పుడో ఒక వడ్రంగి, గట్టిగానే ఉందిలే అన్న మెట్టు విరిగి ఓ నటుడి చీలమండ చిట్లింది. అప్పటినుంచి కొత్తగా కట్టిన ప్రతి మెట్టుమీదా నటులందరి ముందూ పెద్దక్క మూడుసార్లు దూకాల్సిందే. అరవై ఒకటో ఏట కూడా ఆవిడ చెప్పులు విడిచి, కొంగు దోపి, ధన్ ధన్ ధన్‌మని దూకుతుంటే నటులు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆవిడ దూకనిదే కథానాయిక కాలు మోపదు. బతిమాలినా మోపదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. తొమ్మిదేళ్ళ కిందట పెద్దక్కకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. ఆపరేషనూ, సూదులూ, జుట్టు రాలడం, మళ్ళీ మొలవడం అన్నీ అయ్యాయి. ఐదేళ్ళపాటు రోజుకో మాత్ర మింగి, ఇక దాని పీడ విరగడైందనుకుంది. ఈ ఏడు కుడి తొడలో నొప్పి మొదలైతే దుంగలు మోసిన నొప్పేలే అని ఏదో తైలం రాసుకుంది. నొప్పి ఆవిడ మాట వినలేదు. పట్టుకున్నది గునపమే. అక్క చెవిమీది పెన్సిలు కిందపడితే వంగి తీయకుండా సొరుగులోంచి ఇంకోటి తీసుకోవడం చూశాడు. ఓ రోజు బల్ల కిందికి తొంగిచూస్తే నాలుగు పెన్సిళ్ళున్నాయి. మర్నాడే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాడు.

ఫోటోలు తీశారు, స్కాన్లు తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత క్యాన్సర్ డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి, వెలుగుపెట్టె మీద తొడ ఎముక బొమ్మ తగిలించింది. తెల్లటి ఎముక పక్కన కొరికేసినట్టు నల్లటి గుంట. తొమ్మిదేళ్ళ కిందటి జబ్బే ఎక్కడో నక్కి ఉండి, రక్తంలో పడి ఎముకకు చేరిందని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. పక్కటెముకలో ఒకటి, వెన్నులో ఒకటి చిన్న చుక్కలున్నాయి గానీ, ముందు చూడాల్సింది తొడ సంగతేనంది.

"అంటే ఆ క్యాన్సరు నా ఎముకను తింటోందా?" అని అడిగింది పెద్దక్క. ఆవిడకు భయం వేసింది, దాచుకోలేదు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఎముకను అది స్వయంగా తినేది తక్కువేనట. అసలు ఎముకంటే రాయి కాదట. అందులో పుట్టినప్పటినుంచీ పాతది తవ్వే కణాలు కొన్ని, ఆ గుంటల్లో కొత్తది పోసే కణాలు కొన్ని పనిచేస్తూనే ఉంటాయట. తవ్వినంతే కట్టడం, కట్టినంతే తవ్వడం. రెండూ సమానంగా సాగితే ఎముక గట్టిగా ఉంటుంది. ఇప్పుడు తవ్వేవాళ్ళు అదుపు తప్పి తవ్వేస్తున్నారు, అదీ జరుగుతున్నదంది.

గునపానికి పౌరుషం వచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కుర్చీ అంచుకు జరిగాడు. లోకంలో ఏది కూలినా కూల్చేవాళ్ళమీదే పడతారండీ, మా ముఠా కబురు అందనిదే సుత్తి ఎత్తదండీ, ముందు విజిల్ వేసిందెవరో కనుక్కోండి అని గట్టిగానే అడిగాడు. పెద్దక్క సిగ్గుతో అతని మోకాలు గిల్లింది.

డాక్టరమ్మ మాత్రం కలం కింద పెట్టేసి అతనివంక వింతగా చూసింది. మీరు ఏం పని చేస్తారని అడిగి, మహలు కూలిన కథ మొత్తం చెప్పించుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

"సరిగ్గా అదేనండీ జరుగుతోంది," అంది. "తవ్వే కణాలకు కబురు పంపేది కట్టే కణాలే. క్యాన్సరు వచ్చి కట్టేవాళ్ళ చెవిలో ఊదుతుంది. వాళ్ళు అది నిజమనుకుని తవ్వేవాళ్ళను పిలుస్తారు. వీళ్ళు అమాయకంగా తవ్వేస్తారు."

అంతటితో అయిపోతే బాగుండేది. ఎముక లోపల పెరుగుదలకు పనికొచ్చే పదార్థాలు దాచిపెట్టి ఉంటాయట. తవ్వినకొద్దీ అవి బయటపడి క్యాన్సరుకే మేతవుతాయట. అది బలిసి ఇంకా గట్టిగా ఊదుతుంది, వీళ్ళు ఇంకా తవ్వుతారు. చక్రం అలా తిరుగుతూనే ఉంటుందని డాక్టరమ్మ వేలితో గాలిలో సున్నా చుట్టింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ దీనికి మందులున్నాయంది. తవ్వేవాళ్ళను శాంతపరిచే సూది ఒకటి, క్యాన్సరును అణచిపెట్టే మాత్రలు వేరే. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను, ఏళ్ళ తరబడి అదుపులో పెట్టవచ్చు, పనులు చేసుకుంటున్నవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారంది. ఎన్నేళ్ళని పెద్దక్క అడిగితే, అది కొలబద్ద పెట్టి చెప్పగలిగేది కాదమ్మా అంది.

"అయితే మా అక్క ఎముకలో పోలీసు వేషగాడు దూరాడన్నమాట," అన్నాడు గునపం. ఆ రోజునుంచి ఆ ఇంట్లో జబ్బుకు అదే పేరు.

చిక్కంతా తర్వాత వచ్చింది. ఎముకల డాక్టరు ఆ బొమ్మ చూసి, ఎముక గోడ మందంలో సగానికి పైగా పోయిందమ్మా, విరక్కముందే లోపల ఒక ఉక్కు కడ్డీ పెట్టేద్దాం, ఈ వారమే రండి అన్నాడు. విరిగాక అతకడం కష్టం, అతుక్కుంటుందన్న నమ్మకమూ తక్కువట. కాలు మెలిపడినా ప్రమాదమే, బరువు మోపకండి, గెంతడం మాట ఎత్తకండి అని చేతికర్ర ఇచ్చాడు. పెద్దక్క బుద్ధిమంతురాలిలా తల ఊపి, నాటకం మొదలయ్యాక వస్తానంది. మూడు వారాలే కదా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆవిడ.

ఆ నాటకానికి ప్రాణం మెట్లు. పన్నెండు మెట్ల మేడ, కథ మొత్తం వాటిమీదే నడుస్తుంది. ఆ పన్నెండింటిమీదా తాను దూకాలి. ఒక్కోదానికి మూడు, వెరసి ముప్పై ఆరు. ఇంకెవరైనా దూకవచ్చు కదా అని మీరు అడగవచ్చు. గునపమూ అదే అడిగాడు. ఆవిడ మనసులో ఉన్నది ఇది. దూకకపోతే అందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు, పళ్ళరసం తెచ్చిస్తారు, ఎలా ఉందక్కా అని గొంతు తగ్గించి అడుగుతారు. అక్కడితో పెద్దక్క పని అయిపోయినట్టే. కాలు విరగడంకన్నా ఆవిడకు ఆ కుర్చీ అంటేనే భయం. అందుకే ఎవరికీ చెప్పనని తమ్ముడిచేత ఒట్టు వేయించుకుంది. నాటకాలవాళ్ళకు చెబితే నాటకం చేస్తారురా అని కసిరింది. చేతికర్ర గోదాములో చీపుళ్ళ మధ్య దాచింది.

ఈలోగా పళ్ళ డాక్టరు దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఎముకల సూది మొదలుపెట్టేముందు నోరు బాగుచేయించుకోవాలట. తర్వాత పన్ను పీకితే దవడ మానడం కష్టమట. పెద్దక్కకు పుచ్చిన దంతం ఒకటి ఉంది, పీకాలన్నారు. గునపం పక్కనే నిలబడి పళ్ళ డాక్టరు పట్టకారు తిప్పడం కళ్ళార్పకుండా చూశాడు. అయ్యాక, వేరుతో సహా నిటారుగా తీశారండీ, మీకు మా ముఠాలో ఎప్పుడైనా చోటుంది అని మెచ్చుకున్నాడు. నోట్లో దూదితో పెద్దక్క నవ్వలేక చచ్చింది.

మెట్ల పని సాగింది. పెద్దక్క బల్లకు ఆనుకుని గీతలు గీసింది, అరిచింది, తిట్టింది. ఒకసారి పలక ఎత్తబోయి తొడలో పోటు వచ్చి, చెమటలు పట్టి, రంపపు పొట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. కొలత చూస్తున్నానని అబద్ధమాడింది. గునపం దూరంనుంచి చూశాడు. ఆ మనిషి వారం రోజులు ఎవరితోనూ జోకులేయలేదంటే మీరే అర్థం చేసుకోండి.

దూకే రోజు వచ్చింది. పదింటికల్లా నటులందరూ రంగస్థలం మీదికి చేరాలి. ఇంట్లో పెద్దక్క రెండు నొప్పి మాత్రలు మింగి, జడ ముడేసి, విజిల్ మెడలో వేసుకుని బయల్దేరింది. ముప్పై ఆరంతే, ముప్పై ఆరంతే అని దారిపొడుగునా లెక్కపెట్టుకుంది. వెళ్ళి తెర పక్కనుంచి చూస్తే నటులు నిలబడి ఉన్నారు, డైరెక్టరుగారు తల పట్టుకుని ఉన్నాడు. మెట్లు లేవు.

మెట్లు లేవంటే ఒక్కటీ లేదు. రంగస్థలం మధ్యలో పన్నెండు పలకలు ఒకదానిమీద ఒకటి, ప్రతిదానిమీదా సుద్దముక్కతో అంకె. పక్కన దూలాలు, వాటి పక్కన మేకులూ బోల్టులూ వేరువేరు డబ్బాల్లో. ఒక్క అంచు చిట్లలేదు, ఒక్క మేకు వంగలేదు. ఆ పనితనం లోకంలో ఒక్కడిదే. ఆ ఒక్కడూ చెక్కల పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళలో విజిల్ లేకుండా తమ్ముడు మేకు ముట్టుకోలేదు. అందరి ముందూ దులిపేసింది. ఇన్నాళ్ళ కష్టం రా, ఎవరు చెప్పారు, ఎవరు వేశారు విజిల్, నీ ముఠాకు నీతీ జాతీ లేదా అని అడిగింది. ఎదురింటివాళ్ళకు కూడా వినబడేలా అడిగింది. అతను అంతా విన్నాడు. ఆవిడకు ఊపిరి అయిపోయాక లేచి నిలబడ్డాడు.

"ఎవరూ వేయలేదక్కా. నేనే కూల్చాను," అన్నాడు. "నాకు కట్టడం రాదు, మందివ్వడం రాదు. నీమీద ఒట్టేశాను కాబట్టి ఎవరికీ చెప్పడానికీ లేదు. కూల్చడం ఒక్కటే వచ్చు. నీకోసం నేను చేయగలిగింది ఇదొక్కటే."

అని నూటపది కిలోల మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. ముఠాలు రెండూ నోరు తెరుచుకుని చూస్తున్నాయి. పెద్దక్క కోపం ఎటుపోయిందో ఆవిడకే తెలియలేదు. పలకల గుట్టమీద కూర్చుంది, తమ్ముణ్ణి కూడా పక్కన కూర్చోమంది. కొంగుతో ముందు అతని ముఖం తుడిచి, తర్వాత తనది తుడుచుకుంది. నిజంగా తన కాలు విరిగితే ఈ పిచ్చివాడు ఏమైపోయేవాడో అప్పటిదాకా ఆవిడ ఆలోచించలేదు.

తర్వాత తలెత్తి, అందరికీ తానే చెప్పింది. తొడలో గుంట సంగతి, కడ్డీ సంగతి, పోలీసు వేషగాడి సంగతి. ఆశ్చర్యం ఏమిటంటే, ఎవరూ గొంతు తగ్గించలేదు. ఆనాటి పోలీసు పాత్రధారి ఇప్పుడు ముసలి తాత వేషాలు వేస్తున్నాడు. ఆయన ముందుకొచ్చి, ముప్పై ఏళ్ళయినా నన్ను వదలరా పెద్దక్కా అని మొత్తుకున్నాడు. నవ్వులు పైకప్పు అందుకున్నాయి. డైరెక్టరుగారు నాటకం మూడు వారాలు వెనక్కి జరిపాడు.

నాలుగో రోజున కడ్డీ పెట్టారు. ఆపరేషను మర్నాడే ఆ కాలిమీద నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. పుండు మానాక ఆ చోట కిరణాల చికిత్స పెట్టుకుందాం, ఎముకల సూదీ మొదలుపెడదాం అన్నారు. లోపల ఉక్కు ఉంది కాబట్టి నడవవచ్చు, ఇప్పట్లో దూకడం మాత్రం లేదన్నారు. ఈసారి పెద్దక్క నిజంగానే తల ఊపింది.

పద్దెనిమిదో రోజున ఆవిడ చేతికర్ర టకటకలాడిస్తూ నాటకశాలకు వచ్చింది. మెట్లు నిలబడి ఉన్నాయి. ఆవిడ ముఠాతోపాటు కూల్చే ముఠా కూడా కట్టిందట. అంకెలు చూసి పేర్చడం వాళ్ళకు అలవాటే కదా, ఏది ఎక్కడినుంచి ఊడుతుందో వాళ్ళకే బాగా తెలుసు. రంగస్థలం పక్కన కుర్చీ వేసి ఉంది. పెద్దక్క దాన్ని చూసీ చూడనట్టు దాటిపోయింది. కథానాయిక చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరు దూకుతారన్న ప్రశ్నే అందరి ముఖాల్లోనూ ఉంది.

"ఒరేయ్ గునపం," అంది పెద్దక్క. "చెప్పులు విడువు."

తనకు దూకడం రాదక్కా అని అతను గునిశాడు. నువ్వు దూకినా విరగని మెట్టు ఏనుగెక్కినా విరగదు, దూకమంది. అతను కళ్ళు మూసుకుని మొదటి మెట్టుమీద దూకాడు. రంగస్థలమంతా అదిరింది. పెద్దక్క మెట్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, దూలానికి అరచెయ్యి ఆన్చి, చెవి ఆన్చింది. ధన్. ధన్. ధన్. సరే, తర్వాతది అన్నట్టు వేలు ఊపింది. రెండు, మూడు, నాలుగు. నటులు చప్పట్లతో లెక్కపెడుతున్నారు. ఏడో మెట్టు దగ్గర రెండో దూకుడుకు ఆవిడ చెయ్యెత్తింది.

ఎవరికీ ఏమీ వినబడలేదు. మెట్టు కదల్లేదు, కిర్రుమనలేదు. పెద్దక్క మాత్రం కర్ర చివరతో కింద చూపించి, లోపలివైపు మూడో బోల్టు చూడమంది. ఒకడు దీపం పట్టుకుని దూరి చూశాడు. బోల్టు వదులుగా, చేత్తో తిరిగేంత వదులుగా ఉంది. కథానాయిక నోటిమీద చెయ్యి వేసుకుంది. ఇన్నేళ్ళూ వాళ్ళందరూ ఆవిడ దూకడం చూశారు. దూకుతూ ఆవిడ వింటోందన్న సంగతి ఆవిడకే ఇప్పుడు తెలిసినట్టుంది. పెద్దక్క కాసేపు ఆ కుర్చీవైపు చూసింది. చిటికెన వేలు ఊపి, దాన్ని తీసుకెళ్ళి మేకప్ గదిలో వేసుకోండి అంది.

రెంచి తీసి తమ్ముడి చేతికిచ్చింది. గునపం పొట్ట లోపలికి పీల్చుకుని మెట్ల కింద దూరాడు. రెంచి పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. బోల్టు ఊడి చేతిలోకొచ్చింది. ముప్పై ఏళ్ళుగా విప్పడమే ఎరిగిన చెయ్యి మరి. రెండు ముఠాలూ పడిపడి నవ్వాయి. పెద్దక్క కూడా నవ్వుతూనే కర్ర ఆనుకుని వంగింది. వంగితే నొప్పి లేదు.

"అటు కాదురా," అంది. "ఇటు తిప్పు."

అతను ఇటు తిప్పాడు. బోల్టు బిగిసింది. ఇంకో తిప్పు అంది, ఇంకోటి తిప్పాడు. పైకొచ్చి ఏడో మెట్టుమీద మళ్ళీ మొదటినుంచీ మూడుసార్లు దూకాడు, ఈసారి కళ్ళు తెరుచుకునే.